కొండ వెనక ఊళ్ళు



ఈనాటి నా ప్రసంగానికి 'కొండ వెనక ఊళ్ళు' అని పేరు పెట్టుకున్నాను. ఏ కొండ, ఏ ఊళ్ళు అని మీరు అడగవచ్చు. ఇవి మన జిల్లా ఊళ్ళు కావు. గ్రీసు దేశానికి వాయవ్య మూలన, అల్బేనియా సరిహద్దుకు దగ్గరగా, పిండస్ పర్వతాల నడుమ ఉన్న 46 గ్రామాలు. ఆ ప్రాంతాన్ని జగోరి అంటారు. స్లావు భాషల్లో 'జా' అంటే వెనక, 'గోర' అంటే కొండ. గ్రీకు గడ్డ మీది ఊళ్ళకు స్లావు పేరేమిటని ఆశ్చర్యపడకండి. సరిహద్దు జిల్లాలవాళ్ళం, మనకిది వింత కాదు. ఊరి పేరు ఒక భాషలో, పొలం పేరు ఇంకో భాషలో, ఇంట్లో మాట మరో భాషలో ఉండడం మనం పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే.

ఈ ఊళ్ళు నా దృష్టికి రావడానికి కారణం ఒక విద్యార్థి. తొమ్మిదో తరగతికి గ్రీకు చరిత్ర చెబుతున్నాను. ఏథెన్సు, స్పార్టా, సోక్రటీసు, అలెగ్జాండరు అన్నీ అయిపోయాయి. పాఠం ముగించబోతుంటే వెనక బెంచీ పిల్లవాడు లేచి, "సార్, అలెగ్జాండరు తరవాత గ్రీసులో ఎవరూ లేరా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మన పాఠ్యపుస్తకాల్లో ఆ దేశపు కథ అక్కడే ఆగిపోతుంది. ఆ తరవాతి రెండు వేల ఏళ్ళ పైచిలుకు కాలంలో అక్కడివాళ్ళు ఎక్కడ బతికారు, ఏం కట్టారు, ఏం కాపాడుకున్నారు? జవాబు కోసం పుస్తకాలు, పటాలు, ఫొటోలు తిరగేస్తుంటే ఈ కొండ ఊళ్ళు ఎదురయ్యాయి. నేను అక్కడికి వెళ్ళినవాణ్ణి కాను. చదువుకున్నదే మీకు చెబుతున్నాను. కాసేపు నాతోపాటు మనసుతో నడవండి.

ఆ ప్రాంతానికి పెద్ద పట్టణం యానినా. సరస్సు ఒడ్డున ఉంటుంది. అక్కడినుంచి ఉత్తరంగా కొండదారి పడితే, కొద్దిసేపటికే మట్టి రంగు పోయి బూడిదరంగు రాయి మొదలవుతుంది. గోడ రాయి, దారి రాయి, ఇంటి కప్పు కూడా రాయే. పెంకు లేదు, గడ్డి లేదు. పలచని పలకరాళ్ళను ఒకదానిమీద ఒకటి వరసగా పేర్చి కప్పు వేస్తారు. చలికాలంలో మంచు పడే చోటు అది. మంచు బరువు మోయాలంటే అంత గట్టి కప్పు కావాలి. ఇంటి చుట్టూ ఎత్తైన ప్రహరీ, దానికి చిన్న చూరున్న వాకిలి, లోపల రాళ్ళు పరిచిన ముంగిలి.

ఊళ్ళో దారులన్నీ చివరికి ఒకచోటికే చేరతాయి. దాన్ని వాళ్ళు 'మెసొహోరి' అంటారు. అంటే ఊరి నడిమి చోటు. అక్కడొక ముసలి ప్లేన్ చెట్టు, మన మర్రిలాగా పది మందికి నీడనిచ్చేది. దాని చుట్టూ కూర్చోవడానికి రాతి అరుగు. పక్కనే చర్చి, చర్చికి కొంచెం ఎడంగా గంటల గోపురం, ఓ రాతి కొళాయి, ఓ బడి. మన రచ్చబండ గుర్తుకు రావడం లేదూ?

ఇంత రాతిపని, ఇన్ని పెద్ద ఇళ్ళు, బళ్ళు చూస్తే మనకు ఒక అనుమానం రావాలి. ఆ కొండల్లో పండేది తక్కువ. చేలు ఇరుకైన మెట్లు మెట్లుగా ఉంటాయి. మరి ఇంత డబ్బు ఎక్కడిది? అసలు కథ ఇక్కడే ఉంది.

1430లో యానినా పట్టణం టర్కీ సుల్తాను సేనలకు లొంగిపోయింది. జగోరి ఊళ్ళవారూ ఆ కాలంలోనే సుల్తానుతో ఒడంబడిక చేసుకున్నారు. మేం పన్ను కడతాం, అడిగిన సేవ చేస్తాం, మా ఊళ్ళ వ్యవహారం మాత్రం మేమే చూసుకుంటాం అన్నది దాని సారాంశం. కాలక్రమాన ఊళ్ళన్నీ కలిసి ఒక కూటమిగా ఏర్పడ్డాయి. తమ తరఫున యానినాలో పాలకుల దగ్గర మాట్లాడడానికి ఒక ప్రతినిధిని పెట్టుకున్నాయి. అతణ్ణి ఏమనేవారో తెలుసా? 'వెకీలిస్'. అరబ్బీ మాట టర్కీ ద్వారా వాళ్ళ నోట పడింది. అదే మాట పారసీ, ఉర్దూల ద్వారా మన నోట 'వకీలు' అయింది. వేల మైళ్ళ దూరాన ఉన్న రెండు పల్లెటూళ్ళలో ఒకే మాట ఒకే పని చేస్తోంది చూడండి!

ఆ స్వపరిపాలన వల్ల కొంత నిబ్బరం వచ్చింది. కాని నేల చాలలేదు. అందుకని మగవాళ్ళు ఊరు విడిచారు. ఇస్తాంబులుకు, ఇప్పటి రుమేనియాలోని పట్టణాలకు, రష్యాకు, ఈజిప్టుకు వెళ్ళి వ్యాపారాలు చేశారు. ఆ పరాయి నేల బతుకుకు గ్రీకులో 'క్సెనిత్యా' అని ఒక మాట ఉంది. దూరం, దిగులు, సంపాదన మూడూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంటాయి. ఆ కొండల్లో నలుగురైదుగురు గొంతులు కలిపి పాడే పాటల్లో చాలావాటికి ఈ క్సెనిత్యాయే వస్తువు. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త వెళ్ళిపోతే, ఏళ్ళ తరబడి పొలం, పశువులు, ముసలివాళ్ళు, పిల్లలు అన్నీ ఆడవాళ్ళ మీదే.

వెళ్ళినవాళ్ళు మాత్రం ఊరిని మరిచిపోలేదు. మొనోదెంద్రి అనే ఊరికి చెందిన రిజారిస్ అన్నదమ్ములు రష్యా దేశంలో వ్యాపారం చేసి గడించారు. వాళ్ళ సొమ్ముతో 1840లలో ఏథెన్సులో ఒక పెద్ద మత విద్యాలయం వెలసింది. మొనోదెంద్రిలో వాళ్ళ పేరు మీద చేతిపనుల బడి కూడా ఉంది. వాళ్ళలాంటి దాతలు ఊరూరా ఉన్నారు. ఒకరు బడి కట్టించారు, ఒకరు చర్చికి గోపురం ఎత్తించారు, ఒకరు కొళాయి పెట్టించారు, ఒకరు వంతెన వేయించారు.

ఆ వంతెనల సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం సగంలో ఆగినట్టే. మంచు కరిగే వసంతంలో కొండవాగులు పొంగితే ఊరికీ ఊరికీ సంబంధం తెగిపోయేది. కంచరగాడిదల మీద సరుకు తెచ్చే బిడారులు ఒడ్డునే ఆగిపోయేవి. అందుకని వాగుల మీద రాతి కమానులు లేచాయి. కీపి అనే ఊరి దగ్గర రెండు కొండరాళ్ళ నడుమ ఒకే ఒక్క కమానుతో నిలిచిన వంతెన ఉంది. దాన్ని 1750లో కట్టారు. డబ్బిచ్చినవాడు నూత్సోస్, కనుక అది నూత్సోస్ వంతెన. ఆ పక్కనే నీటిమర నడిపిన కొకొరోస్ అనే ఆయన పేరు కూడా దానికి అతుక్కుంది. ఇప్పుడు రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి. కట్టించినవాడి పేరుతోపాటు, రోజూ దాని పక్కన బతికినవాడి పేరు కూడా జనం నిలబెట్టారు. నాకిది చాలా నచ్చింది.

అక్కడికి దగ్గరలోనే మూడు కమానుల వంతెన ఇంకొకటి ఉంది. 1814లో ఒక మఠాధిపతి ఖర్చు పెట్టి రాతితో కట్టించాడు. తరవాత ప్లాకీదాస్ కుటుంబంవారి పేరు వచ్చింది. దూరంనుంచి చూస్తే గొంగళిపురుగు వీపు ఎత్తి నడుస్తున్నట్టు ఉంటుంది.

వీటిని కట్టినవాళ్ళు ఎవరు? ఆ పక్క కొండల్లోని రాతిపనివాళ్ళు. జట్లు జట్లుగా ఊళ్ళు తిరిగేవారు. చిన్న కుర్రాళ్ళు మట్టి, రాయి మోస్తూ పని నేర్చుకునేవారు. ముందు కొయ్యతో కమాను ఆకారంలో చట్రం నిలిపి, దాని మీద రెండు వైపులనుంచీ రాళ్ళు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన చివరి రాయి బిగిస్తారు. ఆ తరవాత చట్రం తీసేస్తారు. అప్పుడు ప్రతి రాయీ తన బరువును పక్క రాయి మీద మోపి నిలుస్తుంది. ఒక్కటి నిలవాలంటే అన్నీ నిలవాలి. వాళ్ళు తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక గుప్తభాష కూడా పెట్టుకున్నారు. యజమాని ఎదుటే కూలి సంగతి మాట్లాడుకున్నా ఆయనకు తెలియదు! అలాంటి పనివాణ్ణి గ్రీకులో 'మాస్తొరాస్' అంటారు. మన 'మేస్త్రీ' పోర్చుగీసువారి ద్వారా వచ్చిన మాట. రెండింటికీ మూలం ఒకే లాటిన్ పదం.

ఇప్పుడు ఊరి వెనక్కి, కొండవైపు చూడండి. చాలా ఊళ్ళకు సరిగ్గా పైన, నిట్రంగా ఉన్న వాలులో, చిక్కటి అడవి ముక్క ఒకటి కనిపిస్తుంది. చెట్లు ముదురువి. చుట్టుపక్కల కట్టెలకూ మేతకూ కొట్టిన గుర్తులున్నా, అక్కడ మాత్రం గొడ్డలి పడలేదు. ఎందుకంటే ఆ అడవి దేవుడిది. కొన్నిచోట్ల దాన్ని చర్చి పేరిట రాసి ఇచ్చారు. అలాంటి అడవులను 'వకూఫికా' అంటారు. మాట పోల్చుకున్నారా? మన 'వక్ఫు' మాటే. ఇంకొన్నిచోట్ల మతగురువు వచ్చి, ఇక్కడ చెట్టు కొట్టినవాడు వెలికి గురి అవుతాడని శాపవాక్యం చదివేవాడు. కొట్టినవాడి ఇంట కీడు జరిగిందని చెప్పే కథలు ఊరూరా ఉన్నాయి. ఊరుమ్మడి అవసరానికి, చర్చికో బడికో దూలం కావలసివస్తే మాత్రం ఊరంతా ఒప్పుకొని తీసుకునేవారు.

ఇది ఒట్టి మూఢనమ్మకం అని తీసిపారేయకండి. ఆ అడవి ఎక్కడ ఉందో చూడండి. ఊరి నెత్తిన, వాలులో. చెట్ల వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. వాన వరదను, జారే మంచును, దొర్లే రాళ్ళను చెట్లు ఆపుతాయి. అడవి పోతే ఊరు పోతుంది. ఈ సంగతి వాళ్ళకు అనుభవంతో తెలుసు. కాపలాకు జీతగాణ్ణి పెట్టే స్తోమత లేదు. అందుకని భయాన్ని కాపలా పెట్టారు. యానినా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ పవిత్ర వనాలను ఒక్కొక్కటిగా గుర్తించి, వాటిలో ఎంత పాత చెట్లు మిగిలాయో, ఏయే జీవాలు తలదాచుకుంటున్నాయో లెక్క రాశారు. మన వైపూ ఇలాంటివి లేకపోలేదు. కొడగులో దేవరకాడు, మహారాష్ట్రలో దేవరాయి, తమిళనాట కోయిల్ కాడు ఈ కోవలోవే.

ఇక ప్రకృతి విషయం. ఈ ఊళ్ళ నడుమ వీకోస్ అనే మహా లోయ ఉంది. సున్నపురాయి కొండను నీరు లక్షల ఏళ్ళపాటు కోసుకుంటూ పోగా ఏర్పడింది. లోతు సుమారు 900 మీటర్లు. వెడల్పుతో పోల్చితే ప్రపంచంలో ఇంత లోతైన లోయ లేదని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. సున్నపురాయి నీటిని పైన నిలవనివ్వదు, లోపలికి పీల్చేస్తుంది. అందుకే వేసవిలో లోయ అడుగున చాలా దూరం ఎండిన రాళ్ళే కనిపిస్తాయి. లోయ చివర, వీకోస్ అనే ఊరి కింద, ఆ నీళ్ళు ఒక్కసారిగా ఊటలై పైకి వస్తాయి. అదే వోయ్‌దొమాతిస్ నది. నీరు ఎంత చల్లన అంటే నడివేసవిలో కూడా కాలు పెట్టి నిలవలేరంటారు. ఎంత తేట అంటే అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టవచ్చు.

ఆ లోయలో దొరికే మందు మొక్కలతో వైద్యం చేసే నాటువైద్యులు ఉండేవారు. వాళ్ళను వీకోస్ వైద్యులు అనేవారు. టర్కీ సామ్రాజ్యమంతా తిరిగి మందు ఇచ్చేవారు. పైన తింఫి పర్వతం 2,497 మీటర్ల ఎత్తు. దాని మీద 2,000 మీటర్లకు పైన ఒక చిన్న కొలను. అందులో నారింజరంగు పొట్ట ఉన్న చిన్న బల్లిలాంటి ఉభయచరాలు ఈదుతుంటాయి. అవి డ్రాగన్ పిల్లలని జనం కథ అల్లుకున్నారు. ఎలుగుబంటి, తోడేలు, కొండమేక నేటికీ ఆ అడవుల్లో ఉన్నాయి.

ఇంకొక్క మాట. ఈ ఊళ్ళన్నీ ఒకే భాషవి కావు. తూర్పు జగోరిలో వ్లాహులు అనేవారున్నారు. వాళ్ళ ఇంటి భాష లాటిన్ నుంచి పుట్టినది, రుమేనియా భాషకు చుట్టం. చర్చిలో, బడిలో, లెక్కల పుస్తకంలో గ్రీకు. ఎండాకాలంలో గొర్రెలతో కొండ ఎక్కి, చలికాలంలో మైదానానికి దిగే సారకత్సాని కాపరులు మరో తెగ. వాళ్ళది గ్రీకే. వ్లాహుల ఇంటి భాష మాట్లాడేవాళ్ళు తరం తరానికీ తగ్గుతున్నారు. వంతెన పడిపోతే కళ్ళకు కనిపిస్తుంది. ఇంటి మాట పడిపోతే చప్పుడు కూడా కాదు. ఈ మాట అంటున్నప్పుడు నా మనసు ఎక్కడుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

మరి ఇంత పటిష్ఠంగా కట్టుకున్న ఊళ్ళు ఏమయ్యాయి? 1868లో స్వపరిపాలన హక్కులు రద్దయ్యాయి. 1913లో బాల్కన్ యుద్ధంతో ఆ ప్రాంతం గ్రీసులో కలిసింది. 1940 అక్టోబరు 28న ఇటలీ సైన్యం అల్బేనియా మీదుగా దండెత్తితే యుద్ధం ఈ కొండల్లోనే జరిగింది. బండి ఎక్కలేని దారుల్లో సైనికులకు తిండీ మందుగుండూ వీపున మోసినవాళ్ళు పిండస్ ఆడవాళ్ళు. తరవాత జర్మన్ సేనలు 1943, 44 సంవత్సరాల్లో కొన్ని ఊళ్ళను తగలబెట్టాయి. 1946 నుంచి 49 వరకు అంతర్యుద్ధం. అది ముగిసేసరికి జనం విసిగిపోయారు. ఏథెన్సుకు, 1960 తరవాత జర్మనీ కర్మాగారాలకు వలస వెళ్ళిపోయారు. ఈసారి ఆడవాళ్ళూ వెళ్ళారు, పిల్లలూ వెళ్ళారు. పూర్వపు వలసకూ దీనికీ తేడా అదే. పూర్వం వెళ్ళినవాడికి ఎదురుచూసే ఇల్లు ఒకటి ఉండేది.

వ్రదేతో అని ఒక ఊరుంది, 1,340 మీటర్ల ఎత్తున, జగోరిలో అన్నిటికన్నా పైన. తరతరాలుగా దానికి ఒకటే దారి, కొండ ముఖాన వంపులు తిరుగుతూ ఎక్కే రాతి మెట్లదారి. 1970లలో గాని బండి దారి పడలేదు. దారి వచ్చేనాటికి నడిచేవాళ్ళు కరువయ్యారు. ఇది ఒక్క గ్రీసు కథేనా, మీరే చెప్పండి.

ఆ కాలంలోనే ప్రభుత్వం మేల్కొంది. 1973లో వీకోస్, అఓస్ లోయలను జాతీయ వనంగా ప్రకటించారు. 1975 నుంచి దేశ పర్యాటక సంస్థ పాత ఇళ్ళను బాగుచేసి అతిథిగృహాలుగా మార్చే పని చేపట్టింది. పాపింగో అనే ఊరు అందులో ఒకటి. కొత్త ఇల్లు కట్టినా రాతి గోడ, పలకరాతి కప్పు ఉండాలని నియమాలు వచ్చాయి. 2023లో జగోరి సాంస్కృతిక భూభాగాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సున్నం లేకుండా ఒట్టి రాళ్ళతో గోడ పేర్చే విద్య అంతకుముందే, 2018లో, మరో జాబితాకెక్కింది.

సంతోషించవలసిందే. కాని ఒక విచిత్రం గమనించండి. మనుషులు వెళ్ళిపోయాక దున్నని చేలనూ, మేపని బీళ్ళనూ అడవి ఆక్రమించింది. పాత ఫొటోల్లో కొండంతా మెట్లుమెట్లుగా చేలు కనిపిస్తే, ఇప్పుడు అదే కొండ పచ్చగా మూసుకుపోయి ఉంది. చూసేవారు ఆహా ఎంత ప్రకృతి అనుకుంటారు. ఆ పచ్చదనం కింద వాళ్ళ తాతల గట్లు ఉన్నాయి. కాపాడిన అడవి వేరు, వదిలేస్తే పెరిగిన అడవి వేరు. ఒకటి ఊరు ఉందని చెబుతుంది, ఇంకొకటి ఊరు లేదని చెబుతుంది. ఎప్పుడైనా అలాంటిచోటికి వెళ్ళే భాగ్యం మీకు కలిగితే, లోయ అంచున నిలబడి ఫొటో దిగి తిరిగిరాకండి. వంతెన మీది పేరు అడగండి, ఊరి పైనున్న అడవి ఎవరిదో అడగండి.

అంత దూరం పోలేనివాళ్ళం ఇక్కడే ఒక పని చేయవచ్చు. మన ఊరి బావి ఎవరు తవ్వించారు? చెరువుగట్టు మీది చెట్టును కొట్టకూడదని ఎవరు చెప్పారు? పైరుగాలి రాని ఏ పట్నంలో సంపాదించిన డబ్బుతో మన బడి గోడ లేచింది? ఇది చెప్పగలిగిన ముసలివాళ్ళు ఇంకా అరుగుల మీద ఉన్నారు. పిల్లలను వాళ్ళ దగ్గరికి పంపండి. విన్నది రాయించండి. తెలుగు అక్షరాలు రాకపోతే కన్నడంలో రాయనివ్వండి, తమిళంలో, ఒరియాలో, మరాఠీలో రాయనివ్వండి. లిపి ఏదైనా మాట మనదే. మా తొమ్మిదో తరగతి పిల్లలకు నేను ఈ పనే చెప్పాను. వెనక బెంచీ పిల్లవాడు మా ఊరి దిగుడుబావి మీద నాలుగు పేజీలు రాసుకొచ్చాడు, బడిలో నేర్చిన రాష్ట్రభాష లిపిలో, అచ్చమైన తెలుగు మాటల్లో. అందులో నాకు తెలియని సంగతులు మూడున్నాయి.

జగోరి వంతెన మనకు చెప్పేది ఇంతే. వెళ్ళినవాడు ఒక రాయి, ఉన్నవాడు ఒక రాయి. ఇద్దరూ ఒకరిమీద ఒకరు ఆనుకున్నంతకాలమే కమాను నిలుస్తుంది.